మా పాపకు ఏ వెల్ష్ పేరు పెట్టాలి?

ప్రశ్న: మావారు వేల్స్‌కు చెందినవారు. మేము కార్డిఫ్‌లో ఉంటున్నాము. మరో నెలలో మాకు అమ్మాయి పుట్టబోతోంది. అచ్చమైన వెల్ష్ పేరే పెట్టాలని అందరమూ అనుకున్నాము గాని, ఆ పేరు ఏదన్న దగ్గర మాట కలవడం లేదు. మావారు బ్రన్వెన్ అంటారు, అత్తగారు గ్వెన్లియన్ అంటారు, నాకేమో బ్రొన్విన్ నచ్చింది. మా అమ్మానాన్నలు కూడా నోరారా పిలవగలిగే పేరు సూచించగలరా?
– ఒక పాఠకురాలు, కార్డిఫ్

జవాబు: మీకు నచ్చిన పేరుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చిక్కంతా అందులోనే ఉంది. వెల్ష్‌లో తెలుపు, పావనం అనే అర్థాలనిచ్చే విశేషణానికి పుంలింగ రూపం గ్విన్, స్త్రీలింగ రూపం గ్వెన్. మరో పదం చివర చేరినప్పుడు వీటి మొదటి గకారం లోపించి విన్, వెన్ మిగులుతాయి. మనకు సుందరుడు, సుందరి ఎలాగో వారికి ఇవి అలాగే. వేల్స్ వెలుపల ఆడపిల్లలకు బ్రొన్విన్ అని పెట్టేవారు ఎందరో ఉన్నారు గాని, వెల్ష్ మాట్లాడే ఇంట్లో ఆ చివరి అక్షరం మగపిల్లవాడి పేరులా చెవికి తగులుతుంది. బ్రొన్వెన్ అని మార్చుకుంటే మీ అత్తగారికి అభ్యంతరం ఉండదనుకుంటాను.

మీవారు చెప్పిన బ్రన్వెన్ దీనికి మరో రూపం కాదు, పూర్తిగా వేరే పేరు. ‘బ్రాన్’ అంటే మాలకాకి. మధ్యయుగపు వెల్ష్ గాథలైన మాబినోగిలోని రెండవ శాఖలో బ్రన్వెన్ ఐర్లండు రాజును పెళ్ళాడి, చేయని తప్పుకు వంటశాలలో ఊడిగం చేస్తూ దెబ్బలు తింటుంది. చివరకు ఒక గోరింకను మచ్చిక చేసుకుని, దాని రెక్కకు లేఖ కట్టి సముద్రం మీదుగా అన్నకు కబురు పంపుతుంది. దమయంతి హంస శుభవార్త మోసింది గాని ఈ గోరింక మోసుకెళ్ళింది యుద్ధాన్నే. రెండు దేశాలూ తన మూలంగా నాశనమయ్యాయన్న దుఃఖంతో ఆమె గుండె పగిలి, ఆంగ్లసీ ద్వీపంలో అలావ్ నది ఒడ్డున మరణిస్తుంది. కష్టాలు పడిందని మనవారు సీత పేరు పెట్టుకోవడం మానలేదు కనుక, ఈ పేరు వద్దని నేను అనను. పాప బడిలో ఆ కథ చదివి వచ్చి అడిగే ప్రశ్నకు జవాబు మాత్రం మీవారినే సిద్ధం చేసుకోమనండి. మొదటి శాఖలోని రియానన్ కూడా కన్నబిడ్డను చంపిందన్న అపనింద మోసింది గాని, ఆమె కథలో బిడ్డ తిరిగి దొరుకుతాడు.

ఇక మీ అత్తగారి గ్వెన్లియన్ గాథ కాదు, చరిత్ర. ఆ పేరుగల ఒక రాణి 1136లో నార్మన్ల మీదికి సైన్యాన్ని నడిపించి కిడ్వెలీ కోట సమీపంలో ప్రాణాలు కోల్పోయింది. మరొకామె స్వతంత్ర వేల్స్ చివరి రాకుమారుడైన ల్యువెలిన్ కుమార్తె. ఆమె పుట్టిన 1282లోనే తండ్రి హతుడయ్యాడు. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఆ పసిపాపను లింకన్‌షైర్‌లోని సెంప్రింగ్‌హామ్ మఠానికి పంపగా, ఆమె 1337లో అక్కడే కన్నుమూసింది. వెల్ష్‌వారికి ఆ పేరు ఎందుకంత ఆత్మీయమో దీన్నిబట్టి ఊహించవచ్చు. అందులోని ‘ల్ల్’ ధ్వని మాత్రం తెలుగులో గాని ఇంగ్లీషులో గాని లేదు. ‘ల’ పలకడానికి నాలుకను పెట్టి, గొంతు పలికించకుండా నాలుక పక్కల నుంచి గాలి వదిలితే అది వస్తుంది. మీ అమ్మానాన్నలు మామూలు లకారంతో పిలిచినా పాప పలుకుతుంది గాని, ప్రతి ఆఫీసులోనూ ఎవరో ఒకరు దానిని ‘థ్ల’ అనో ‘క్ల’ అనో అంటూంటే దిద్దుకోవలసింది ఆమే.

నన్ను అడిగితే ఒల్వెన్ అంటాను. ‘తెల్లని అడుగుజాడ’ అని దాని అర్థం. కిల్హుఖ్, ఒల్వెన్‌ల కథలో ఆమె అడుగు పెట్టిన చోటల్లా నాలుగేసి తెల్లని క్లోవర్ పూలు మొలిచేవని, అందుకే ఆ పేరు వచ్చిందని ఉంది. ఎన్నో అసాధ్యమైన పనులు సాధించి కిల్హుఖ్ ఆమెను పెళ్ళాడతాడు. కనుక కథ వధువుకు మేలుగానే ముగుస్తుంది. పలకడానికి కొత్త ధ్వని ఒక్కటీ లేదు, చివర ఉన్నది స్త్రీలింగమైన వెన్. ఇది నానమ్మల కాలపు పేరని మీవారు నవ్వవచ్చు. నా దృష్టిలో అది లోపం కాదు.

అదే కథలో ఒల్వెన్ చెక్కిళ్ళను ఫాక్స్‌గ్లోవ్ పువ్వుతో పోల్చారు. వెల్ష్‌లో ఆ పువ్వు పేరే ఫియోన్, అదీ ఆడపిల్లలకు పెట్టే పేరే. దానిని రాసేటప్పుడు మొదట రెండు ఎఫ్‌లు ఉండాలి, ఒక్క ఎఫ్‌ను వెల్ష్‌లో ‘వ’ అని పలుకుతారు. నక్షత్రమనే అర్థమున్న సెరెన్, మంచు అనే అర్థమున్న ఎయిరా, ప్రేమించడమనే మాట నుంచి పుట్టిన కారిస్ కూడా తెలుగు నోటికి కష్టం కావు. అయితే సెరెన్ అని బడిలో పిలిస్తే ఇద్దరు ముగ్గురు తలలెత్తుతారు. మెగన్ ఐరిష్ పేరని చాలామంది అనుకుంటారు గాని, అది మార్గరెట్‌కు వెల్ష్ ముద్దుపేరు. 1929లో ఆంగ్లసీ నుంచి గెలిచి వేల్స్ తొలి మహిళా పార్లమెంటు సభ్యురాలైన మెగన్ లాయిడ్ జార్జ్ పేరు అదే.

నమోదు విషయం కూడా చెప్పాలి. బిడ్డ పుట్టిన 42 రోజులలోగా జననాన్ని నమోదు చేయించాలి. వేల్స్‌లో పుట్టి అక్కడే నమోదయ్యే బిడ్డకు ఇంగ్లీషు, వెల్ష్ రెండు భాషలలోనూ వివరాలు రాయించుకునే వీలుంది. అందుకు వివరాలు చెప్పేవారికి వెల్ష్ రావాలి కనుక రిజిస్ట్రార్ వద్దకు మీవారిని వెళ్ళమనండి. అప్పటికీ ఇంట్లో మాట కలవకపోతే కంగారు పడకండి, నమోదు చేసిన 12 నెలలలోగా పాప పేరును మార్చి రాయించే అవకాశం చట్టంలోనే ఉంది.