‘ఐ హాడ్ రాదర్’ తప్పు కాదు, కానీ మేనేజర్‌కి రాసే మెయిల్‌లో వద్దు

పుణే ట్రాన్స్‌ఫర్ వద్దని చెబుతూ మీరు మెయిల్‌లో ‘ఐ హాడ్ రాదర్ స్టే ఇన్ వైజాగ్’ అని రాశారు. మీ మేనేజర్ ‘హాడ్’ కొట్టేసి ‘వుడ్’ పెట్టారు. అది నిజంగా తప్పా, పాతకాలపు మాట వాడితే గట్టిగా చెప్పినట్టు ఉంటుందా, ‘ఐ హాడ్ ఆజ్ లీఫ్’ అంటే ఇంకా గట్టిగా ఉంటుందా అని అడుగుతున్నారు.

తప్పు కాదు. డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, ఈ పంచాయితీ నాకు బాగా అలవాటే. ఏ బ్యాచ్‌లో చూసినా రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పట్టుకుని ఒకడు లేచేవాడు: ‘సార్, ఇందులో హాడ్ రాదర్ ఉంది, గైడులో వుడ్ రాదర్ ఉంది, ఏది రాయమంటారు?’ ఏది రాసినా సరే. దేని తర్వాతా ‘టు’ రాకూడదు, అంతే. ‘ఐ హాడ్ రాదర్ టు స్టే’ అంటే మాత్రం మార్కు పోతుంది.

దీన్ని తప్పుపట్టినవాళ్లలో మీ మేనేజర్ మొదటివారేం కాదు, పెద్ద పెద్దవాళ్లే ఉన్నారు. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ దీన్ని ఈమధ్యే భాషలోకి చొరబడ్డ మొరటు ప్రయోగమని ఈసడించాడు. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్‌కీ ఇది నచ్చలేదు. జనం ‘ఐడ్ రాదర్’ అని కుదించి పలుకుతుంటే అందులో ఉన్నది ‘వుడ్’ అని తెలియక ‘హాడ్’ అనుకున్నారని అప్పటి వాదన. వినడానికి సబబుగానే ఉంది. కానీ 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లోనే, 84వ కీర్తనలో, ‘ఐ హాడ్ రాదర్’ ఉంది. షేక్‌స్పియర్ నాటకాల్లోనూ కనిపిస్తుంది. నూటయాభై ఏళ్ల కిందటి మాట ఈమధ్యే చొరబడింది ఎలా అవుతుందో జాన్సన్ గారే చెప్పాలి!

అసలు ఇక్కడి ‘హాడ్’కి గతంతో పనిలేదు. ఫలానాది నాకు ఎక్కువని ఎంచుతాను అనే పాత అర్థంలో వచ్చిన క్రియ అది. ‘రాదర్’ అంటే మొదట్లో ‘ఇంకా త్వరగా’ అనే. అందుకే ఇంగ్లీషువాళ్లు దాని బదులు ‘సూనర్’ కూడా వాడతారు. మీ మేనేజర్‌తో వాదించాలనే ఉంటే ఈ చరిత్రంతా అక్కర్లేదు, ‘యు హాడ్ బెటర్ గో’లో ‘హాడ్’ ఏం చేస్తోందో అడగండి చాలు. అదీ ఇదీ ఒకే కుటుంబం. ఒకటి బతికి బట్టకట్టింది, రెండోది ముసలిదైపోయింది. (‘హాడ్ బెటర్’ని పెద్దవాళ్లతో వాడకండి. మా పిల్లలు ‘సార్, యు హాడ్ బెటర్ కమ్ టుమారో’ అనేవాళ్లు. పాపం, వాళ్లు మర్యాదగానే అన్నారు, ఇంగ్లీషులో అది బెదిరింపులా వినిపిస్తుంది.)

‘లీఫ్’ దగ్గర జాగ్రత్త. ‘ఐ హాడ్ ఆజ్ లీఫ్’ అంటే బలమైన ఇష్టం కాదు. అదైనా సరే, ఇదైనా సరే, నాకు ఒకటే అని. నటులు తన పంక్తుల్ని గొంతు చించుకుని అరిచేటట్టయితే ఊళ్లో దండోరా వేసేవాడు చెప్పినా ఒకటేనంటాడు షేక్‌స్పియర్ హామ్లెట్. అక్కడ వెటకారం ఉంది కాబట్టి పదునొచ్చింది. మీరు పుణే గురించి అదే మాట రాస్తే, ఎక్కడికి పంపినా వెళ్తానన్నట్టు అవుతుంది, వెంటనే రిలీవింగ్ ఆర్డర్ చేతిలో పెట్టినా పెడతారు. ఇష్టం చెప్పాలంటే ‘లీఫర్’ కావాలి. దాన్ని ఇప్పుడు వాడితే అవతలివాళ్లు డిక్షనరీ వెతుక్కోవాలి.

గట్టిగా చెప్పడం సంగతికి వస్తే, నా లెక్కలో ఆ గట్టిదనం ‘హాడ్’లో లేదు, ‘వుడ్’లోనూ లేదు. ‘దాన్’ (అంటే ‘కంటే’) తర్వాత ఏం పెట్టారన్నదాంట్లో ఉంది. ఆ కీర్తనలో భక్తుడు దుర్మార్గుల గుడారాల్లో కాపురం ఉండటం కంటే దేవుడి గుమ్మం దగ్గర కాపలా ఉండటమే తనకిష్టం అంటాడు. రోము ఇలా ఉంటే, రోము బిడ్డనని చెప్పుకునే కంటే పల్లెటూరివాడిగా బతకడమే మేలంటాడు షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ నాటకంలో బ్రూటస్. ఇద్దరూ తక్కువదాన్ని కావాలని, ఎక్కువదాన్ని వద్దని అంటున్నారు. అక్కడే మాటకు బరువొచ్చింది. మనమూ అంతే కదా, ‘వాడి దగ్గర పనిచేసే కంటే అడుక్కు తినడం నయం’ అంటాం. కాకపోతే మనం వద్దన్నదాన్ని ముందు చెప్పి కావాలన్నదాన్ని చివరకు తెస్తాం, ఇంగ్లీషులో వరస తిరగబడుతుంది. పేపర్లు దిద్దేటప్పుడు చూసేవాణ్ణి, చావుకు భయపడని కుర్రాడు కూడా ‘ఐ వుడ్ రాదర్ టెల్ లైస్ దాన్ డై’ అని రాసి, అబద్ధం కంటే చావు మేలని తన ఉద్దేశం అనేవాడు.

మా పెదనాన్నగారు తెనాలి దగ్గర హైస్కూల్ హెడ్మాస్టరు. సాయంత్రం బడి వదిలాక గొడుగు చంకన పెట్టుకుని గేటు దాటుతుంటే, స్కూలు కమిటీ పెద్దమనిషి జీపు ఆపి ఎక్కమనేవాడు. ఇద్దరికీ పడదు. ఈయన ఆగకుండానే ‘ఐ హాడ్ రాదర్ వాక్’ అనేవారు. ‘దాన్’ లేదు, దాని తర్వాత ఏముందో జీపులో కూర్చున్నాయనకి బాగానే తెలుసు. ఆయన నోట ఆ మాట ఎంత బాగుండేదో! అదే మాట ఇవాళ పాతికేళ్ల కుర్రాడు ఆఫీసు మెయిల్‌లో రాస్తే, తప్పు రాశాడనుకుంటారు, లేదా నాటకంలో డైలాగు కొడుతున్నాడనుకుంటారు. నోటితో చెప్పేటట్టయితే గొడవే లేదు, ‘ఐడ్ రాదర్’ అనండి, లోపల ఏముందో ఎవరికీ వినబడదు.

కాబట్టి మెయిల్‌లో ‘వుడ్’ ఉంచేయండి. ‘దాన్’ తర్వాత ‘మూవ్ టు పుణే’ అని ఊరుకుంటే మాత్రం మేనేజర్‌కి అది ఊరి మీద బెంగలాగే కనిపిస్తుంది. ఉండటానికి మీరేం వదులుకుంటారో కూడా చెప్పండి: ‘ఐ వుడ్ రాదర్ స్టే ఇన్ వైజాగ్ ఆన్ మై ప్రెజెంట్ శాలరీ దాన్ మూవ్ టు పుణే విత్ ఎ హైక్.’ హైక్ వదులుకోవడానికి మీరు నిజంగా సిద్ధంగా ఉంటేనే పంపండి, ఆయన సరేనన్నా అనొచ్చు.