జీతం పడిన పది రోజులకే ఖాళీ... ఇంకో షిఫ్ట్ ఒప్పుకోవాలా?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా ఫీజు నేనే కట్టుకోవాలని, కాలేజీ అయ్యాక ఒక షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో పార్ట్‌టైమ్‌గా చేరాను. కానీ జీతం పడిన పది రోజులకే ఖాతా ఖాళీ అవుతోంది. అమ్మ అడిగినప్పుడల్లా ఇంటికి పంపుతాను. స్నేహితులు చేబదులు అడిగితే కాదనలేను. ఫోన్ వాయిదా ఒకటి ఉంది. గత నెల క్రెడిట్ కార్డుకి మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం, మాత్రమే కట్టగలిగాను. ఫీజు గడువు ఇంకా ఆరు నెలలుంది, దానికంటూ ఒక్క నెలా మిగల్చలేకపోయాను. మొన్నటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్ట్ పోయింది, ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు యజమాని ఇంకో షిఫ్ట్ చేస్తావా అంటున్నారు. ఒప్పుకుంటే ఈ టెన్షన్ తీరుతుందా?

జవాబు: అమ్మా, నీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఇప్పుడే ఒప్పుకోకు. నీ జీతం ఎటు పోవాలో నువ్వు ఆలోచించుకునేలోపే మిగతావాళ్లు తేల్చేస్తున్నారు. అమ్మ అడిగిన రోజు అమ్మకి, ఫ్రెండ్ అడిగిన రోజు ఫ్రెండ్‌కి, వాయిదా తేదీ వస్తే వాయిదాకి పోతోంది. నోరు తెరిచి అడగని ఖర్చు ఒక్క ఫీజే, అందుకే దానికి ఏమీ మిగలడం లేదు. రెండో షిఫ్ట్ డబ్బు కూడా ఇదే దారిన పోతుంది. పైగా చదువుకునే గంటలు తగ్గుతాయి. పోయిన సబ్జెక్ట్‌ని మళ్లీ రాయాలి, దానికి మళ్లీ ఫీజు కట్టాలి. డిగ్రీ ఆలస్యమైతే ఆ తర్వాత వచ్చే పూర్తి జీతమూ అంతే ఆలస్యమవుతుంది. షిఫ్ట్‌కి ఎంత ఇస్తారో లెక్క వేసుకునేటప్పుడు ఇవన్నీ కూడా కలిపి చూడు.

ఈ వారంలో ఒక గంట తీరిక చేసుకుని మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందేసుకో. ప్రతి లైను పక్కనా ఒక్క మాట రాయి: ఇల్లు, ఫ్రెండ్, వాయిదా, ప్రయాణం, సరదా. పెద్ద ఖర్చులు నీకు గుర్తుండే ఉంటాయి, చూడాల్సింది చిన్నవి. ఫ్రీ ట్రయల్ అని చేరి మర్చిపోయిన సబ్‌స్క్రిప్షన్ ఒకటి ప్రతి నెలా ఒకే తేదీన డబ్బు లాగేసుకుంటూ ఉండొచ్చు. అలాంటిది కనిపిస్తే అక్కడికక్కడే ఆపెయ్. అప్పుడే ఇంకో పని కూడా చెయ్యి. నువ్వు చేసిన షిఫ్టుల తేదీలు, గంటలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చి, వచ్చిన జీతంతో సరిచూసుకో. గంటల లెక్కన జీతమిచ్చే చోట పొరపాట్లు జరుగుతాయి, అడిగేవాళ్లకే అవి సరిచేస్తారు.

మూడు నెలల్లో అన్నిటికంటే తక్కువ ఏ నెలలో వచ్చిందో చూడు. అదే నీ జీతం అనుకో. పరీక్షలప్పుడు షిఫ్టులు తగ్గుతాయి, సెలవుల్లో పెరుగుతాయి కదా. బాగా వచ్చిన నెలను చూసి ఖర్చులు పెంచుకుంటే తగ్గిన నెలలో అప్పు చేయక తప్పదు. ఎక్కువ వచ్చినదాంట్లో కొంత పరీక్షల నెలకోసం పక్కన పెట్టు.

ఫీజుకి ఆరు నెలలుంది అన్నావు. మొత్తాన్ని ఆరుతో కాకుండా ఐదుతో భాగించు, ఏదో ఒక నెల తేడా వచ్చినా ఇబ్బంది ఉండదు. ఆ భాగాన్ని జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మార్చెయ్. ఆ ఖాతాకి కార్డు తీసుకోకు, ఫోన్‌లోని పేమెంట్ యాప్‌కి కలపకు. నెలాఖరున మిగిలింది దాచుకుందాం అనుకుంటే ఎవరికీ మిగలదమ్మా, నీకొక్కదానికే కాదు. ఐదో వంతు కూడా నీ జీతానికి మించిపోతుందని తేలితే, ఇప్పుడే కాలేజీ ఆఫీసుకి వెళ్లి విడతలుగా కట్టే వీలుందా, ఏదైనా స్కాలర్‌షిప్‌కి అర్హత ఉందా అని అడుగు. గడువు రోజున వెళ్లి బతిమాలుకోవడం కంటే నెలల ముందే అడగడం చాలా తేలిక.

కార్డు బాకీ మాత్రం దీనికంటే ముందు తీరాలి. మినిమమ్ డ్యూ కడితే లేట్ ఫీజు తప్పుతుంది, అంతే. మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. చాలా కార్డుల్లో పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలకి నూటికి 3 అంటే చిన్నగానే కనిపిస్తుంది. వడ్డీ మీద వడ్డీ కలిస్తే అది ఏడాదికి నూటికి 42 దాటుతుంది. అసలేమీ కట్టకుండా వదిలేస్తే రెండేళ్లలో బాకీ రెట్టింపవుతుంది. నీ కార్డు రేటు ఎంతో స్టేట్‌మెంట్‌లోనే ఉంటుంది, చూసుకో. బాకీ తీరేదాకా కార్డు వాడకు. ఒకటి రెండు నెలలు ఫీజు భాగం తగ్గినా ఫర్వాలేదు. ఫోన్ వాయిదా తేదీని జీతం పడిన మర్నాటికి మార్చమని అడుగు, ఖాతాలో డబ్బు లేక జరిమానా పడకుండా ఉంటుంది.

స్నేహితుల సంగతికి వస్తే, నీకున్న మొహమాటం నాకు అర్థమైంది. కాదంటే దూరమైపోతారేమో అనే భయం నీ ఉత్తరం నిండా కనిపించింది. ఫీజు డబ్బు మొదటి రోజే పక్కకి వెళ్లిపోతే "నా దగ్గర లేవే, ఫీజుకి పెట్టేశాను" అన్న మాట నిజమే అవుతుంది. అబద్ధం చెబుతున్నానన్న బాధ ఉండదు. తిరిగి రాకపోయినా మనసులో పెట్టుకోకుండా ఉండగలిగినంతే చేబదులివ్వు. ఇప్పటికే ఇచ్చినవాళ్లకి మెసేజ్ పెట్టు, ఎంత ఇచ్చావో, ఎప్పటికి కావాలో మర్యాదగా రాయి. ఇంకొక్క హెచ్చరిక: "నీ ఖాతాలోకి కొంత డబ్బు వస్తుంది, తీసి ఇవ్వు, నీకూ కొంత ఇస్తాం" అని ఎవరైనా అంటే, ఎంత దగ్గరివాళ్లైనా ఒప్పుకోకు. మోసం చేసి రాబట్టిన డబ్బుని విద్యార్థుల ఖాతాల గుండా తిప్పడం మామూలైపోయింది. కేసు ఖాతాదారు మీద కూడా పడుతుంది.

ఇక అమ్మ. నీ సంపాదన నీది, ఇంటికి పంపొద్దు అని నేను చెప్పను. అమ్మకి ఇవ్వాలన్న నీ మనసు మంచిది, అది అలాగే ఉండనీ. కానీ అడిగినప్పుడల్లా పంపుతుంటే నీ దగ్గర ఇంకా ఉందనే అమ్మ అనుకుంటుంది. నువ్వు కార్డు మీద బతుకుతున్న సంగతి ఆమెకి తెలియదు కదా! ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పు. "అమ్మా, నెలకి ఇంత పంపగలను, జీతం పడగానే పంపేస్తాను. మధ్యలో అడిగితే నా దగ్గర ఉండవు" అను. కాగితం మీద రాసిన లెక్క చూపించు. సబ్జెక్ట్ పోయిన సంగతి కూడా అప్పుడే చెప్పెయ్. కోప్పడుతుంది, బాధపడుతుంది. అయినా పనీ చదువూ రెండూ చక్కగా సాగుతున్నాయని ఆమె నమ్ముతున్నంతకాలం, నీ మీద ఎంత బరువు పెట్టొచ్చో ఆమెకి ఎలా తెలుస్తుంది? ఒకవేళ "నువ్వు పంపకపోతే ఇల్లు గడవదు" అంటే, అది నువ్వొక్కదానివే మోయాల్సిన విషయం కాదు. ఇంట్లో పెద్దవాళ్లంతా కూర్చుని ఆలోచించాలి. చదువుకునే పిల్ల పార్ట్‌టైమ్ జీతం మీద ఇల్లంతా ఆధారపడటం ఎక్కువ రోజులు సాగదు.

యజమానికి నాన్చకుండా ఈ వారమే చెప్పు: "సార్, ఆ సబ్జెక్ట్ రాసేదాకా ఇప్పుడున్న షిఫ్ట్ మాత్రమే చేయగలను. సెలవుల్లో అదనపు షిఫ్టులుంటే నన్నే ముందు అడగండి." అప్పుడొచ్చే డబ్బులో కార్డు బాకీకి ఎంత, ఫీజుకి ఎంత అని ఇప్పుడే రాసి పెట్టుకో. మూడు నెలలయ్యాక లెక్క ఎలా ఉందో నాకు మళ్లీ రాయి.