బాయినెట్ మీద 1907 అంటే?

ప్రశ్న: సార్, తాతయ్య ట్రంకుపెట్టెలో ఒక బాయినెట్ (తుపాకీ మొనకి బిగించే కత్తి) దొరికింది, బ్లేడు 12 అంగుళాలే, మీద 1907 అని ఉంది. అప్పుడే చేశారా, ఎవరైనా కోసేశారా?

జవాబు: అందరూ ఇక్కడే పప్పులో కాలేస్తారు. 1907 అనేది ఈ బాయినెట్ మోడల్ పేరు, దీన్ని బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కి బిగించేవారు, తయారైన నెల, ఏడాది దాని కిందే చిన్న అంకెల్లో ఉంటాయి, భూతద్దం పెట్టి చూడండి. అసలు బ్లేడు 17 అంగుళాలు, రెండో ప్రపంచ యుద్ధంలో ఇండియాలో చాలావాటిని 12కి కుదించారు, కాబట్టి పొట్టిదైతే పాడుచేసినట్టు కాదు. బ్లేడు పక్కనున్న గాడి మొన దాకా వెళ్లిపోయిందా? అయితే కోసిందే. పిడి చివర చిన్న రంధ్రం 1916 నుంచి వచ్చింది, పాతవాటికీ తర్వాత వేశారు, కాబట్టి దాన్ని బట్టి ఏడాది తేల్చలేం. తుప్పు ఉందని గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి బాబూ, ముద్రలు పోతాయి!