అసిమోవ్ ‘గోల్డ్’లో కథలు మాత్రం చదివి వ్యాసాలు వదిలేయొచ్చా?

సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ పోయాక వచ్చిన ‘గోల్డ్’ సంపుటి తెచ్చుకున్నానని, కథలు చదివేసి వ్యాసాలు దాటేస్తే ఏమైనా నష్టమా అని అడిగారు. నన్నడిగితే ఈ పుస్తకంలో ఏదైనా దాటేయాలనుకుంటే కథల్లోనే సగం దాటేయొచ్చు. వ్యాసాలు మాత్రం వదలకండి.

నేను దీన్ని రోబోల కోసమే కొన్నాను. ‘ఫౌండేషన్’ నవలలు, పాత రోబో కథలు అప్పటికే చదివేశాను. ఇంకేమైనా మిగిలాయేమోనన్న ఆశ. మొదటి కథ ‘కాల్’ ఆ ఆశ తీర్చింది. తర్వాత వచ్చేవాటిలో చాలా మటుకు నాలుగైదు పేజీలైనా లేని బుల్లి కథలు. కొన్నయితే చివర్లో ఒక్క మాటల గారడీ కోసమే రాసినవి. కొసమెరుపు తెలిసిపోయాక రెండోసారి చదవబుద్ధి కాదు. అసిమోవ్ 1992 ఏప్రిల్‌లో చనిపోయారు, ఈ పుస్తకం 1995లో వచ్చింది. అంతకుముందు ఏ సంపుటిలోకీ ఎక్కని కథలను ఒకచోట పోగుచేశారు. ఆయన దగ్గరుండి కూర్చిన పుస్తకమైతే వీటిలో కొన్నిటిని పక్కన పెట్టేవారేమో.

అయినా మూడు కథలు మాత్రం తప్పకుండా చదవాలి. ‘కాల్’లో కథ చెప్పేది రోబోనే. యజమాని రచయిత. తనకూ కథలు రాయాలని ఉందంటుంది రోబో. ఆయనకదొక సరదా. టెక్నీషియన్‌ని పిలిపించి దానికి పదాలు, వ్యాకరణం, చివరికి హాస్యం కూడా ఒక్కొక్కటిగా ఎక్కించుకుంటూ పోతాడు. మొదట్లో అది కొట్టేదంతా అక్షరాల కలగాపులగం. ఆ దశలో యజమాని మురిసిపోతాడు. రాత కుదురుకునే కొద్దీ ఆయన మొహం మాడుతూ వస్తుంది. చివర్లో ఏం జరుగుతుందో నేను చెప్పను. మనిషికి హాని చేయకూడదన్న మొదటి రోబో సూత్రం గుర్తుపెట్టుకుని చదవండి చాలు.

రెండోది ‘గోల్డ్’. తన నవలను కంప్యూటర్ నాటకంగా మలచమని ఒక రచయిత పేరున్న దర్శకుణ్ణి అడుగుతాడు, అందుకు బంగారం ఇస్తానంటాడు. ఆ నవలలో పాత్రలు మనుషులు కావు, వాటికి మనిషి రూపం కూడా ఉండదు. అసిమోవ్ 1972 నాటి ‘ది గాడ్స్ దెమ్‌సెల్వ్స్’ నవల చదివినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు, అది ఆయన సొంత నవలే. కాగితం మీద ఉన్నదాన్ని కంటికి ఎలా చూపించాలన్న తర్జనభర్జనే ఈ కథంతా. 1992లో దీనికి హ్యూగో అవార్డు వచ్చింది, అప్పటికి ఆయన లేరు. మూడోది ‘ఫాల్ట్-ఇన్‌టాలరెంట్’, డైరీలా సాగే చిన్న కథ. రచయిత కొనుక్కున్న వర్డ్ ప్రాసెసర్ ముందు తప్పులు దిద్దుతుంది, తర్వాత శైలి పట్టేస్తుంది. ఇప్పటి ఏఐ గొడవలన్నీ చూస్తూ చదివితే నవ్వుతోపాటు కాస్త టెన్షన్ కూడా వస్తుంది.

చూడండి, మూడింటిలోనూ ఒక రచయిత ఉన్నాడు. నేను పోయాక నా రాత ఏమవుతుంది, నాలాగా ఇంకెవరైనా రాసేస్తే నా సంగతేంటి అన్న బెంగ వాటిలో కనిపిస్తుంది. వ్యాసాల్లోకి వెళ్తే అదే మనిషి చొక్కా చేతులు మడిచి పనిలో కూర్చుని దొరుకుతాడు. అందుకే రెండూ కలిపి చదవమంటున్నాను.

వ్యాసాల్లో ఎక్కువ భాగం ఆయన పేరుతో 1977లో మొదలైన సైన్స్ ఫిక్షన్ పత్రికకు రాసిన సంపాదకీయాలు. ‘ఫౌండేషన్’లో జనసమూహాల భవిష్యత్తును లెక్కగట్టే ఊహాశాస్త్రం పేరు సైకోహిస్టరీ. అదే పేరున్న వ్యాసంలో ఆ ఊహ ఎలా వచ్చిందో చెప్తారు. వాయువులో ఒక్కో అణువు ఎటు పోతుందో చెప్పలేం, మొత్తం వాయువు తీరు మాత్రం లెక్కగట్టొచ్చు. కోటానుకోట్ల మనుషులకూ అదే లెక్క పెడితే ‘ఫౌండేషన్’ అయింది. ఆ నవలల గెలాక్సీలో మనుషులు తప్ప ఇంకెవరూ ఎందుకు లేరన్నది నాకు ఎప్పటినుంచో ఉన్న సందేహం. దాని జవాబు ‘ది ఆల్-హ్యూమన్ గెలాక్సీ’లో దొరికింది. ఆ కథలను తన పత్రికలో వేసిన సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్‌కి మనుషులదే ఎప్పుడూ పైచేయి కావాలి. అసిమోవ్‌కి అది నచ్చదు. సంపాదకుడితో పేచీ పెట్టుకోకుండా గ్రహాంతరవాసుల్నే కథలోంచి తీసేశారు. గొప్ప సిద్ధాంతం ఏదో ఉంటుందనుకుంటే ఇదా అని నవ్వొచ్చింది.

మీరూ రాస్తుంటే, కథలు రాయడం గురించిన వ్యాసాలున్న మూడో భాగం ఇంకా పనికొస్తుంది. అప్పుడప్పుడు కథలు రాసే నాకు ‘ప్లాటింగ్’ వ్యాసం బాగా కలిసొచ్చింది. సమస్య, ముగింపు ముందే తెలిసి ఉండాలి, మధ్యలోది రాసుకుంటూ పోతే అదే వస్తుందంటారు. ఇప్పుడు నేను చివరి పేరా ముందు రాసి పెట్టుకుని ఎత్తుగడకి వస్తున్నాను, సగంలో ఆగిపోయే కథలు తగ్గాయి. ‘రివిజన్స్’లో చెప్పింది మాత్రం నాకు అచ్చిరాలేదు. ఆయన పెద్దగా తిరగరాయరట! అది ఆయనకే చెల్లింది, మనం అనుకరించకపోవడమే మంచిది.

ఒక ఇబ్బంది ఉంది. విడివిడిగా వేర్వేరు సమయాల్లో రాసినవి కాబట్టి కొన్ని విషయాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, సొంత డబ్బా కూడా బాగానే ఉంటుంది. ఏకబిగిన చదవకండి, రోజుకి రెండు మూడు చాలు. ముందు ‘కాల్’, తర్వాత మూడో భాగం, ఆ తర్వాత ‘గోల్డ్’ కథ, వీలును బట్టి మిగతావి.

అసిమోవ్‌ని ఇంతవరకూ అసలు చదవలేదంటే మాత్రం దీంతో మొదలుపెట్టొద్దు. ‘ఐ, రోబోట్’ ముగించి రండి. దీనికి జతగా 1996లో ఫాంటసీ కథలు, వ్యాసాలతో ‘మ్యాజిక్’ అనే సంపుటి వచ్చింది. ‘గోల్డ్’ వ్యాసాలు నచ్చితేనే దాని సంగతి ఆలోచించండి.