చద్దన్నంలో పెరుగుంటే చాలదా, ఉల్లిపాయ కూడా కావాలా?

మా పర్లాకిమిడిలో తెలుగువారి చద్దన్నానికైనా, ఒడియావారి పఖాళకైనా (నీళ్లలో నానబెట్టిన అన్నం) ఉల్లిపాయ తోడుంటుంది. పెరుగులో మంచి బ్యాక్టీరియా ఉంటుంది కదా, ఉల్లిలోని పీచుతో దానికి ఏమిటి లాభం అని ఒకరు అడిగారు.

ఉల్లిలోని ఇన్యులిన్ అనే పీచును అరిగించే ఎంజైములు మనకు లేవు. అది పెద్దపేగు దాకా చేరుతుంది. అక్కడ ముఖ్యంగా బిఫిడోబ్యాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియా దాన్ని తిని పెరిగి ఎసిటేట్, లాక్టేట్ అనే ఆమ్ల పదార్థాలను విడుదల చేస్తాయి. ఆమ్లత్వం పెరిగి హానికర సూక్ష్మజీవులకు చోటు తగ్గుతుంది. నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది తర్వాతి మెట్టు: ఆ ఎసిటేట్‌ను మరికొన్ని బ్యాక్టీరియా అందుకుని బ్యూటిరేట్ అనే మరో ఆమ్ల పదార్థంగా మారుస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ప్రధాన ఇంధనం అదే! చల్లారిన అన్నంలోని కొంత పిండిపదార్థం కూడా ఇలాగే అరగకుండా కిందికి చేరుతుంది.

పెరుగులోని బ్యాక్టీరియా పేగులో స్థిరపడటం అరుదు. పీచు పోషించేది ఎక్కువగా అక్కడ ముందే ఉన్నవాటిని. ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతుంది, కొద్దికొద్దిగా పెంచండి.