స్విచ్ ఆపేసినా మీటర్ 9 వోల్టులు ఎందుకు చూపిస్తోంది?

9 వోల్టుల బ్యాటరీ, 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లు, ఒక స్విచ్ సిరీస్‌లో కలిపానన్నారు. స్విచ్ ఆపితే కరెంట్ సున్నా, అయినా స్విచ్ రెండు కాళ్ల మధ్య 9 వోల్టులు వస్తున్నాయి, మీటర్ పాడైందా అని మీ అనుమానం.

పాడవలేదు. చదువుకునే రోజుల్లో నాకూ ఇదే అనుమానమొచ్చి మీటర్‌లో సెల్ మార్చేశాను. మళ్లీ అదే 9!

వోల్టేజ్ కూడా కరెంట్‌లాగే వైరులో పారుతుందనుకోవడమే నా పొరపాటు. 'ఈ వైరులో ఎన్ని వోల్టులున్నాయి' అని అడగడం అందరికీ అలవాటే కదా. ఒకసారైతే నల్ల ప్రోబ్ బల్ల మీదే వదిలేసి, ఎర్రది ఒక్కటే వైరుకు ఆనించి రీడింగ్ కోసం ఎదురుచూశాను. అంకెలు అటూ ఇటూ ఆడాయి గానీ నిలబడలేదు. మీటర్ కొలిచేది ఎప్పుడూ రెండు చోట్ల మధ్య తేడానే. ఒక కూలుంబు ఆవేశం (అంటే విద్యుత్ చార్జ్) ఇక్కడి నుంచి అక్కడికి వెళ్తే ఒక జౌలు శక్తి మారుతుందంటే, ఆ తేడా ఒక వోల్టు. 'వెళ్తే' అన్నాను, వెళ్లి తీరాలని లేదు.

ఇప్పుడు మీ సర్క్యూట్ చూద్దాం. స్విచ్ వేస్తే 3 మిల్లీ ఆంపియర్లు పారతాయి. చిన్న రెసిస్టర్ మీద 3 వోల్టులు, పెద్దదాని మీద 6, స్విచ్ మీద దాదాపు ఏమీ ఉండదు. స్విచ్ ఆపితే కరెంట్ లేదు కాబట్టి రెసిస్టర్ల మీద తేడా సున్నా, అంటే ఒక్కోదాని రెండు కొసలూ ఒకే పొటెన్షియల్‌లో (విద్యుత్ మట్టంలో) ఉన్నట్టే. అలా స్విచ్ ఒక కాలు బ్యాటరీ ప్లస్‌తో, రెండో కాలు మైనస్‌తో సమానమైపోయాయి. మధ్యలో మొత్తం 9 వోల్టులూ ఉండక ఏమవుతాయి?

(మీటర్ గుండా కాస్త కరెంట్ పోతుంది, నిజమే. కానీ డిజిటల్ మీటర్ నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. దానివల్ల తగ్గేది 3 మిల్లీవోల్టులు కూడా ఉండదు.)

స్విచ్ వేసి ఇంకోటి చేసి చూడండి. నల్ల ప్రోబ్‌ను రెసిస్టర్లు రెండూ కలిసే చోట పెట్టి, ఎర్రదాన్ని బ్యాటరీ ప్లస్‌కూ మైనస్‌కూ మార్చి మార్చి తాకించండి. ప్లస్ వైపు ఉన్నది 1 కిలో ఓమ్ అయితే ఒకసారి +3, ఇంకోసారి −6 వస్తుంది. సున్నా ఎక్కడో మీరే ఎంచుకున్నారన్నమాట.

నాకు ఇది బాగా పనికొచ్చేది తెగిన వైరు వెతకడంలో. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ దగ్గర ఉంచి, ఎర్రదాన్ని ప్లస్ నుంచి ఒక్కో జాయింటూ తాకిస్తూ వెళ్తాను. 9 కాస్తా సున్నాకు పడిపోయిందంటే ఆ రెండు జాయింట్ల మధ్యే తెగింది. బ్యాటరీ సర్క్యూట్లకే సుమా, ఇంటి కరెంట్ లైన్ల మీద ప్రయోగాలు వద్దు.