టాక్సీ డబ్బులు ఎవరిచ్చారు?

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. 2017-18 సీజన్‌లో ఆడవాళ్ళ 500 మీటర్ల స్పీడ్ స్కేటింగ్ గురించి తెలుగులో ఒకరు ఇంత ఇష్టంగా కూర్చుని రాస్తారని నేను అనుకోలేదు. ఆ సంతోషం ముందు చెప్పేశాను. ఇక దిద్దుబాట్లు.

మొదటి వాక్యంలోనే జపాన్ స్కేటర్ నావో కొదైరాని 'మంచు మీద మెరుపుతీగ' అన్నావు. కొట్టెయ్. ఆ మాట ఏ ఆటలో ఎవరికైనా అతుకుతుంది. ఆమెకే అతికే మాట నీ నోట్స్‌లో మూడో పేజీలో ఉంది, దాన్ని ఎందుకు వదిలేశావో అర్థం కాలేదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో 500 మీటర్లలో అయిదో స్థానం వచ్చాక, ఆమె జపాన్ వదిలి రెండేళ్ళు నెదర్లాండ్స్ వెళ్ళి శిక్షణ తీసుకుంది. అక్కడ ఆమెకి నేర్పింది మరియాన్ టిమ్మర్, తనూ ఒలింపిక్ విజేతే. వంగినప్పుడు వీపు కోపమొచ్చిన పిల్లిలా ఉండాలని చెప్పేదట. పిల్లి వీపు పైకి లేపి నిలబడడం చూడని తెలుగువాళ్ళు ఉండరు. ఇంక మెరుపు దేనికి?

మన పాఠకులు ఈ ఆట చూసి ఉండరు. నువ్వు చూశావు కాబట్టి వాళ్ళకీ తెలుసనుకుని రాశావు. ఈ తప్పు చాలామంది చేస్తారు. కోలగా ఉండే 400 మీటర్ల ఐసు ట్రాక్ అనీ, 500 అంటే ఒక చుట్టు మీద ఇంకో వంద మీటర్లు అనీ ముందే చెప్పు. ఇద్దరేసి చొప్పున వదులుతారు, ఒకరు లోపలి లేన్‌లో, ఒకరు బయటి లేన్‌లో. అవతలి వైపు తిన్నటి దారిలో ఇద్దరూ లేన్లు మార్చుకోవాలి. మడమ దగ్గర బ్లేడు బూటు నుంచి విడిపోయి మళ్ళీ టప్పుమని అతుక్కుంటుంది. ఆ చప్పుడు నీ వ్యాసంలో ఒక్కసారైనా వినిపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, పక్క లేన్‌లో ఉన్న మనిషే అసలు పోటీ కానక్కర్లేదు. అసలు పోటీ ఎప్పుడో పరిగెత్తేసి పక్కన నిలబడి ఉండొచ్చు, లేదా ఇంకా తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. ఇది పాఠకుడికి ముందే తెలియకపోతే నీ కథలో ముఖ్యమైన ఘట్టం వాడికి అందదు. దాని దగ్గరికి వస్తాను.

అంకెల సంగతి. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో సెకన్ల లెక్కన 36.94 కొదైరా, 37.33 దక్షిణ కొరియా అమ్మాయి లీ సాంగ్-హ్వా, 37.34 చెక్ అమ్మాయి కరోలినా ఎర్బనోవా అని వరసగా రాసి వదిలేశావు. అంకెని కంటికి కనిపించేలా చెయ్యి. ఆ వేగంలో సెకనుకి పదమూడు మీటర్ల పైన పోతారు. కాబట్టి లీకీ ఎర్బనోవాకీ మధ్య తేడా జానెడు కూడా లేదు. కొదైరాకీ లీకీ మధ్య అయిదు మీటర్లు, అంటే ముగ్గురు మనుషుల్ని వరసగా పడుకోబెట్టినంత. ఇలా రాస్తే అంకె గుర్తుంటుంది. ఇంకోటి వదిలేశావు. మొదటి వంద మీటర్లు లీకి 10.20, కొదైరాకి 10.26. లీ ముందుంది! చివరి మలుపులో తడబడింది. సోచి దాకా ఈ పోటీలో ఒక్కొక్కరూ రెండుసార్లు పరిగెత్తేవారు, రెండు టైములూ కలిపేవారు. ప్యాంగ్‌చాంగ్ నుంచి ఒక్కసారే. ఆ తడబాటు దిద్దుకోవడానికి రెండో రేసు లేదు.

లీ ఎవరో కూడా నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. 2010లో, 2014లో ఒలింపిక్ బంగారం. 2013లో ప్రపంచ రికార్డు నాలుగుసార్లు బద్దలు కొట్టి, సాల్ట్ లేక్ సిటీలో 36.36 దగ్గర ఆపింది. ఆ మనిషి సొంత దేశంలో, సొంత జనం ముందు, మూడోసారి గెలవడానికి వస్తోంది. ఎదురుగా 31 ఏళ్ళ కొదైరా. ఒలింపిక్స్‌కి వచ్చేదాకా ఆ సీజన్ వరల్డ్ కప్ 500 మీటర్లలో ఆమెకి ఓటమే లేదు. ఈ టెన్షన్ ముందే కట్టుకుంటూ రా, తొందరపడకు.

ఇక ఆ ఘట్టం. 2018 ఫిబ్రవరి 18, ఆ ఒలింపిక్స్ స్కేటింగ్ జరిగిన గంగ్నుంగ్. కొదైరా గీత దాటింది, ఒలింపిక్ రికార్డు. ఆమె అభిమానులు కేకలు మొదలుపెట్టారు. ఆమె గెలుపు ఇంకా ఖాయం కాలేదు, తర్వాతి జంటలో లీ ఉంది. అప్పుడు కొదైరా వాళ్ళ వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టింది. నిశ్శబ్దంగా ఉండండి, లీ మొదలుపెట్టాలి అని. నువ్వు దీన్ని 'గొప్ప క్రీడాస్ఫూర్తి' అన్నావు. ఆ రెండు మాటలూ తీసేసి వేలు మాత్రం ఉంచు. లీ ఏడుస్తూ ట్రాక్ చుట్టూ వస్తుంటే కొదైరా వెళ్ళి పట్టుకుని కొరియన్‌లో 'బాగా చేశావు' అంది. అదీ అంతే, పక్కన వివరణ వద్దు.

నేను కొత్తగా పత్రికలో చేరినప్పుడు ఒక జిల్లా స్థాయి పరుగుపందెం రాసుకొచ్చాను. మా ఎడిటర్ చదివి, "ఓడినమ్మాయి ఏం చేసింది?" అని అడిగారు. నేను చూడలేదు. గెలిచినమ్మాయి టైము రాసుకుని బస్సు ఎక్కేశాను. ఆ ప్రశ్న ఈ రోజుకీ నాతోనే ఉంది, అందుకే నిన్నూ అడుగుతున్నాను.

ఈ సీజన్‌కి జవాబు ఈ సీజన్‌లో దొరకదు, మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 2014 నవంబరులో సోల్‌లో జరిగిన వరల్డ్ కప్‌లో కొదైరా మొదటిసారి గెలిచింది. ఓడింది లీ, అదీ సొంత ఊళ్ళో. కొదైరా వెంటనే నెదర్లాండ్స్ విమానం అందుకోవాలి. లీ టాక్సీ పిలిచింది, విమానాశ్రయం దాకా డబ్బులు కూడా తనే ఇచ్చింది. గంగ్నుంగ్‌లో బంగారం గెలిచాక కొదైరా చెప్పుకున్న సంగతి ఇది. నీ నోట్స్‌లో ఉంది, వ్యాసంలో లేదు. అమ్మాయ్, నీ వ్యాసం ఆ టాక్సీ దగ్గర మొదలవ్వాలి. ఆ రోజు ఓడినవాళ్ళు డబ్బులిచ్చారు, ఈ రోజు గెలిచినావిడ వేలు పెట్టింది. ఈ రెండింటి మధ్య ఉన్న మూడేళ్ళే నీ కథ. పతకాల పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. జపాన్ కొరియాని 35 ఏళ్ళు పాలించింది, ఆ గాయం ఇంకా ఉంది. అది ఒక్క వాక్యంలో చెప్పు, పాఠకుడికి బరువు తెలియాలి. అంతకుమించి వాళ్ళిద్దరి భుజాల మీద రెండు దేశాల్ని ఎక్కించకు. వాళ్ళు పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలు కూడా కారు, ఏళ్ళ తరబడి ఒకరి వెనక ఒకరు మలుపులు తిరిగిన పనివాళ్ళు. ఆ పరిచయం దానంతట అదే చాలా పెద్దది.

మళ్ళీ రాసి పంపు. వచ్చే నెల పదో తారీఖు లోపల వస్తే సెలవుల్లో తీరిగ్గా కూర్చుంటాను. ప్రింటు తీసి పంపితే పక్కన మార్జిన్ ఎక్కువ వదులు, నాకు రాయడానికి చోటు కావాలి. ఆ టప్పుమనే చప్పుడు ఈసారి ఏ పేరాలో వినిపిస్తుందో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు